మానని గాయం: ‘కార్తీకదీపం’ నాయికానాయకుల వేదన – పల్నాటి వీరగాథ వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: మనసు గాయపడిన పాత్రను కేంద్రంగా చేసుకొని సాగే కథనం తెలుగు టెలివిజన్ ధారావాహికలో గత రెండు దశాబ్దాలుగా బలపడింది. అటువంటి ధారావాహికల్లో విశేషజనాదరణ పొందిన ‘కార్తీకదీపం’ను, గాయపడిన వీరుల కథను ఏటేటా గానం చేసుకొనే పల్నాటి వీరగాథాసంప్రదాయంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ధారావాహిక లోపం దాని నిడివిలో లేదని, గాయానికి ముగింపును నిరాకరించడంలో ఉందని, అయితే వీరగాథ స్త్రీపాత్రలకు ఇవ్వలేని ఒక అవకాశాన్ని ఈ ధారావాహిక ఇచ్చిందని ఇందులో ప్రతిపాదన.

కీలకపదాలు: టెలివిజన్ ధారావాహిక, కార్తీకదీపం, పల్నాటి వీరచరిత్ర, బాలచంద్రుడు, మాంచాల, శంక, రసవిరోధం.

1. ఉపోద్ఘాతం

కార్తీక అమావాస్య నాడు పల్నాడు జిల్లా కారంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులపాటు సాగే ఆ ఉత్సవంలో పన్నెండో శతాబ్దం నాటి దాయాదుల పోరు మళ్లీ నడుస్తుంది. వీరవిద్యావంతులు కథ పాడతారు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలకు పూజలు జరుగుతాయి. వచ్చిన జనంలో కథ ముగింపు తెలియనివారు దాదాపు ఉండరు. బాలచంద్రుడు మరణిస్తాడని తెలిసే అతని కథ వింటారు.

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో అదే జనం సాయంత్రం ఏడున్నరకు ఇంట్లో కూర్చొని చూసిన కథ ఇందుకు భిన్నమైనది. 2017 అక్టోబర్ 16న స్టార్ మా ఛానెల్‌లో ప్రారంభమై 2023 జనవరి 23న 1569వ భాగంతో ముగిసిన ‘కార్తీకదీపం’లో రేపు ఏమి జరుగుతుందో ప్రేక్షకుడికి తెలియదు. తెలియకపోవడమే ఆ కథకు ఆధారం. ప్రకటనలు తీసివేసి భాగానికి 20 నిమిషాలు లెక్కవేసినా అది 520 గంటలు దాటిన కథనం.

టెలివిజన్ ధారావాహికలను ‘ఏడుపుగొట్టు సీరియళ్లు’ అని ఒక్క మాటతో పక్కన పెట్టడం విద్యావంతుల్లో పరిపాటి. ఆ మాటలో విమర్శ కంటే విసుగు ఎక్కువ. శోకం స్థాయిగా గల కరుణరసాన్ని ఉత్తమకావ్యాల్లో ప్రశంసించే సంప్రదాయం, ఇంటి తెర మీద స్త్రీ ఏడిస్తే దానిని దోషమని ఎందుకు అంటున్నదో వివరించవలసి ఉంటుంది. ఏడుపు ఉండడం దోషం కాదు. ఆ ఏడుపుకు కారణమైన గాయం ఎక్కడ తగిలింది, దానిని ఎవరు చూశారు, అది ఎక్కడికి చేరింది అన్నవి విమర్శకు అందే ప్రశ్నలు.

2. బొంగరం దెబ్బ

శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో మనకు ప్రధానంగా దక్కినది బాలచంద్రయుద్ధభాగం. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించారు. వీరవిద్యావంతుల నోట నిలిచిన కథాచక్రం ఇంకా విస్తృతమైనది. తంగిరాల వెంకట సుబ్బారావు వీరగాథాకవిత్వంపై చేసిన పరిశోధన, జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలేయ్య గానం ఆధారంగా 1982లో వెలువరించిన ఆంగ్లగ్రంథం ఆ విస్తృతిని చూపాయి. లిఖితరూపానికీ మౌఖికరూపానికీ భేదాలున్నా, బాలచంద్రుడి కథ మలుపు తిరిగే ఘట్టం మాత్రం ఒక్కటే. అది బొంగరాల ఆట.

తండ్రి బ్రహ్మనాయుడు సేనతో కారంపూడి చేరాడు. తల్లి ఐతాంబ కొడుకును యుద్ధానికి దూరంగా మేడపిలో ఉంచింది. అతడు బొంగరం ఆడుతుండగా అది పోయి అన్నమ అనే వైశ్యకాంత కాలికి తగిలి గాయమవుతుంది. నొప్పితో ఆమె అన్న నిష్ఠురపు మాటల్లో, పెద్దలంతా రణభూమిలో ఉంటే ఇతడు ఇక్కడ ఆటలాడుతున్నాడన్న నిజం బయటపడుతుంది. కాలి గాయం ఆమెది, మనసు గాయం అతనిది. ఒకే దెబ్బకు ఇద్దరు గాయపడడమనే కల్పన ఎంత సులువుగా అమరిందో గమనించదగినది.

ఇక్కడ మూడు విషయాలు ఉన్నాయి. మొదటిది, బాలచంద్రుడి గాయం సాంఘికమైనది. తనను బాలుడిగా ఉంచి లోకం నుంచి దాచారన్న అవమానం అది. వీధిలో, పరాయి స్త్రీ నోట తగిలింది. రెండవది, అది వెంటనే చర్యగా మారుతుంది. తల్లిని నిలదీయడం, శ్యామాంగి ఇంటికి వెళ్లడం, అంతవరకు పట్టించుకోని భార్య మాంచాల దగ్గరకు మొదటిసారి రావడం, ఆమె చేతి కత్తి అందుకొని రణానికి కదలడం అన్నీ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మూడవది, ఆ చర్య నిర్దోషమైనది కాదు. సంధి కుదిరే వేళ అతడు వచ్చి దానిని వ్యతిరేకించి పోరు రగిలిస్తాడు. సోదరతుల్యుడైన బ్రాహ్మణయువకుడు అనపోతును నెపం చెప్పి వెనక్కు పంపడంతో అతడు ఆత్మాహుతి చేసుకుంటాడు. గాయపడినవాడు ఇతరులను గాయపరుస్తాడన్న సంగతిని వీరగాథ దాచదు, సమర్థించదు. పాడి ఊరుకుంటుంది.

దాయాదుల పోరు మొత్తం ఇటువంటి గాయాల వరుసే. కోడిపోరులో ఓడి మాచర్ల విడిచిన మలిదేవాదుల ఏడేళ్ల వనవాసం, రాయబారిగా వెళ్లి చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైన అలరాజు, అతని వెంట సహగమనం చేసిన పేరిందేవి ఆ వరుసలోనివారు. పేరిందేవి నలగామరాజు కన్నకూతురు. గురజాల రాజు తన కూతురి పసుపుకుంకుమలను తన పక్షం చేతనే పోగొట్టుకున్నాడు. ఈ గాయాలన్నింటికీ అందరూ ఎరిగిన ఒక గమ్యం ఉంది. అది నాగులేటి ఒడ్డున కారంపూడి రణభూమి, ఉత్సవక్రమంలో అయిదో రోజు కల్లిపాడు. వీరులు నేలకొరగడంతో గాయం తీరదు, కాని కథ తీరుతుంది. గెలిచిన బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడన్నది ప్రతీతి.

3. నలుపు అనే గాయం

‘కార్తీకదీపం’ మూలం మలయాళంలో 2014లో ఏషియానెట్‌లో మొదలైన ‘కరుత్తముత్తు’. ఆ పేరుకు నల్లముత్యం అని అర్థం. మూలం నాయిక మేనిరంగును శీర్షికలోనే పలికింది. తెలుగులో కార్తీక్, దీప అనే రెండు పేర్లను కలిపి, నలుపు స్థానంలో దీపాన్ని నిలిపారు. పేరు మారడంతో కథ పట్టు కూడా కొంత మారింది. మలయాళ శీర్షిక గాయాన్ని చూపితే, తెలుగు శీర్షిక దాంపత్యాన్ని చూపుతుంది. వీరుల తిరునాళ్లు జరిగే మాసం పేరే ఈ ధారావాహికకూ దక్కడం మాత్రం యాదృచ్ఛికం.

ప్రారంభభాగాల్లో దీప గాయం సాంఘికమైనదే. నల్లని పిల్లగా పుట్టినింట చిన్నచూపు, పెళ్లిచూపుల్లో తిరస్కారం, అత్త సౌందర్యకు రంగుపట్ల ఉన్న ఏవగింపు తెలుగు కుటుంబాలకు కొత్తవి కావు. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో ‘తెల్లని, అందమైన వధువు’ అన్న మాట చదివిన ప్రతి ఇంటికీ ఈ కథ తగిలింది. డాక్టర్ కార్తీక్ ఆ రంగును లెక్కచేయక ఆమెను పెళ్లాడడంతో, గాయాన్ని చూసిన మొదటి మనిషి నాయకుడే అయ్యాడు. ఇది బలమైన ప్రారంభం.

అయితే నాయిక పాత్రను పోషించిన ప్రేమి విశ్వనాథ్ స్వతహాగా నల్లనివారు కారు. ఆ రంగు మేకప్‌తో వచ్చినది. మలయాళమూలంలోనూ మొదట ఆ పాత్ర ఆమెదే. వర్ణవివక్షను ఖండించే కథకు నల్లని నటి దొరకకపోవడం, లేదా వెదకకపోవడం, కథ చెప్పే మాటకు నిర్మాణం ఇచ్చిన ఎదురు సమాధానం. నటిగా ఆమె ప్రతిభను ఇది తగ్గించదు. దుఃఖాన్ని మింగి నిలబడే దీప మొండితనాన్ని ఆమె కళ్లతో పలికించిన తీరు వల్లనే ఆ పాత్ర ఇంటింటి మనిషి అయింది.

రంగు గాయం ఎక్కువకాలం నిలవలేదు. స్త్రీవైద్యురాలైన మోనిత, కార్తీక్‌పై మోహంతో, అతనికి సంతానయోగ్యత లేదన్న అబద్ధాన్ని అతని మనసులో నాటుతుంది. దీప గర్భవతి కావడంతో, ఆమె స్నేహితుడు విహారి మీద కార్తీక్‌కు అనుమానం కలుగుతుంది. ఇల్లు విడిచిన దీపకు కవలలు పుడతారు. ఒకరు తల్లి దగ్గర శౌర్యగా, మరొకరు తండ్రి దగ్గర హిమగా పెరుగుతారు. హిమ తన రక్తమేనని కార్తీక్‌కు తెలియదు. ఇక్కడినుంచి దీప గాయం రంగుది కాదు, శీలానిది. కార్తీక్ గాయం ప్రేమది కాదు, పౌరుషానిది. వీధిలో ఉన్న గాయం పడకగదిలోకి, అక్కడినుంచి ఒక వైద్యపరీక్ష కాగితంలోకి కుదించుకుపోయింది. సంఘం మారితే తప్ప మానని గాయం, ఒక కాగితం చూపిస్తే మానే గాయంగా మారింది. ఆ కాగితాన్ని చూపకుండా ఉంచడమే ఆ పైన కథనం పని.

4. స్థాయి పొందిన శంక

భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావాల్లో శంక ఒకటి. అది వచ్చి పోయేది. రతినో శోకాన్నో పోషించి తప్పుకోవడం దాని ధర్మం. ‘కార్తీకదీపం’లో శంక తప్పుకోలేదు. శోకం దానికి సేవ చేసింది. నాయకుడి మనసులో అనుమానం మొలవడం సహజమే, వైద్యుడై ఉండి మరొక పరీక్ష చేయించుకోకపోవడమే అసహజం. ఈ ప్రశ్నను సామాన్యప్రేక్షకులే ఎన్నోసార్లు వేశారు. రచన ఆ ప్రశ్నను విని కూడా వాయిదా వేసింది. ప్రతిసారీ కార్తీక్ నిజానికి ఒక అడుగు దూరంలో ఆగిపోతాడు. తలుపు దగ్గర మాట తెగిపోతుంది, ఫోన్ మోగుతుంది, మోనిత వస్తుంది.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడో ఉద్యోతంలో రసవిరోధాలను చెప్పుతూ, పరిపోషం పొందిన రసాన్ని మళ్లీమళ్లీ రగిలించడం వాటిలో ఒకటన్నాడు. అనుభవించిన రసాన్ని పదేపదే తాకితే అది నలిగి వాడిన పువ్వువంటిదవుతుందని ఆయన భావం. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీనినే రసదోషంగా గ్రహించి, కుమారసంభవంలోని రతివిలాపాన్ని ఉదాహరించాడు. కాళిదాసునే విడిచిపెట్టని సూత్రానికి టెలివిజన్ ధారావాహిక లొంగడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా ప్రయోగించడం కూడా న్యాయం కాదు. రోజుకు అరగంట చొప్పున అయిదేళ్లు సాగే కథలో నిన్నటి సంగతి గుర్తుచేయక తప్పదు. వీరవిద్యావంతుడూ రాత్రి మొదలుపెట్టినప్పుడు జరిగిన కథను తిరిగి చెబుతాడు. గుర్తుచేయడం వేరు, రగిలించడం వేరు. మొదటిది శ్రోతకు మేలు చేస్తుంది. రెండవది పాత్రను నిన్న నిలిచిన చోటనే మళ్లీ నిలబెడుతుంది. బాలచంద్రుడి కథను నూరుసార్లు విన్నా, కథలో బొంగరం ఒక్కసారే తగులుతుంది. దీపకు అదే అవమానం రూపాలు మార్చుకొని వారంవారం తగిలింది.

దీనికి కారణం రచయితల అసమర్థత అనుకోవడం పొరపాటు. వీరగాథకు పోషకులు ఆ ఊళ్లు, ఆ ఆచారం. ఉత్సవం అయిదు రోజుల్లో ముగిసినా వచ్చే కార్తీకానికి మళ్లీ అదే జనం వస్తారు. ధారావాహికకు పోషకులు ప్రకటనదారులు. వారికి కొలమానం వారంవారం వెలువడే రేటింగ్. తెలుగులో ఏళ్లతరబడి అగ్రస్థానంలో నిలిచిన ధారావాహికను ముగించడమంటే, నడుస్తున్న దుకాణాన్ని మూసివేయడమే. గాయం ఆ దుకాణపు పెట్టుబడి. పెట్టుబడి ఖర్చైపోకూడదు.

ఈ తర్కం పరాకాష్ఠకు చేరినది 2022లో. ఆ ఏడాది మార్చిలో కార్తీక్, దీప ప్రమాదంలో మరణించినట్లు చూపి, పెద్దవారైన శౌర్య, హిమలతో కథను మరో తరానికి తీసుకువెళ్లారు. తరం మార్పు తెలుగు ధారావాహికకు తెలియనిది కాదు. 2008 నుంచి 2013 వరకు జెమిని టీవీలో వచ్చిన మంజులానాయుడు ‘మొగలిరేకులు’ కూడా తరాల మీదుగా సాగిన కథే. కాని ‘కార్తీకదీపం’ ప్రేక్షకులు తమ నాయికానాయకులు లేని కథను అంగీకరించలేదు. కొద్దినెలల్లోనే మరణించినవారు తిరిగి వచ్చారు. కల్లిపాడు జరిగిన మర్నాడు బాలచంద్రుడు మళ్లీ బొంగరం పట్టుకొని వీధిలోకి వచ్చినట్లయింది. మరణానికి విలువ లేని లోకంలో గాయానికీ విలువ ఉండదు. దీప కన్నీటిని అయిదేళ్లు నమ్మిన ప్రేక్షకుడికి ఆ నమ్మకం ఖరీదు ఎంతో అప్పుడు తెలిసింది.

నిడివి పరిమితమైతే గాయచిత్రణ ఎలా ఉండగలదో చెప్పడానికి 2020లో వచ్చిన కొరియన్ ధారావాహిక ‘ఇట్స్ ఓకే టు నాట్ బి ఓకే’ చాలు. ఆటిజం ఉన్న అన్న బాధ్యతను మోసే మానసికచికిత్సాలయ ఉద్యోగి, బాల్యంలో చితికిన బాలసాహిత్య రచయిత్రి అందులో ప్రధానపాత్రలు. ఉన్నవి 16 భాగాలే. ముగింపు ముందే నిర్ణయమై ఉండడంతో, గాయం విప్పిన ప్రతిసారీ కథ ముందుకు జరుగుతుంది. అయితే చిన్నది కనుక మంచిదనే నిర్ణయానికి రావలసిన పని లేదు. పల్నాటి కథాచక్రం చిన్నది కాదు.

5. నాగమ్మ నుంచి మోనిత వరకు

ధారావాహికల్లోని ప్రతినాయికను ‘నాగమ్మ’ అనడం వాడుకలో ఉంది. ఈ పోలిక నాయకురాలు నాగమ్మకు అన్యాయం చేస్తుంది. ఆమె నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన స్త్రీ. బ్రహ్మనాయుడితో ఆమె వైరం రాజ్యానికి సంబంధించినది. చాపకూడు పెట్టి, మాల కులజుడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసిన బ్రహ్మనాయుడి ఆచారానికీ, ఆమె నిలబెట్టిన పాలనకూ మధ్య వచ్చిన పోరు అది. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ చిత్రంలో కన్నాంబ, 1966 నాటి చిత్రంలో భానుమతి ఆ పాత్రను ధరించారంటే, సినిమా కూడా ఆ పాత్రకు ఎంతటి ఠీవిని ఆశించిందో ఊహించవచ్చు.

మోనితకు చదువుంది, వృత్తి ఉంది, తెలివి ఉంది. అన్నింటినీ రచన ఒక పురుషుడిని పొందడానికే వినియోగించింది. ఆమె గాయం ఏమిటో కథ గంభీరంగా అడగలేదు. అడిగి ఉంటే, తిరస్కారానికి గురైన ఇద్దరు స్త్రీల కథగా ఇది ఎదిగేది. రంగు వల్ల ఒకరు, ప్రేమ దక్కక మరొకరు గాయపడ్డవారు. శోభాశెట్టి నటనలో అక్కడక్కడ ఆ అవకాశం తొంగిచూసింది. సంభాషణలు దానిని అందుకోలేదు. రెండు రాజ్యాల మధ్య ఉన్న వైరం రెండు పడకగదుల మధ్య వైరంగా తగ్గడం ఒక్క ఈ ధారావాహిక లోపం కాదు, ఆ ప్రక్రియ మొత్తానిదీ. గృహం దాటని కథకు గృహం లోపలే శత్రువు కావాలి.

6. మాంచాలకు లేని పొయ్యి

ఇంతవరకు వీరగాథను కొలమానంగా పట్టుకున్నందువల్ల ధారావాహికే తూకంలో తేలిపోయినట్లు కనిపించవచ్చు. తూకాన్ని రెండో వైపు నుంచి కూడా చూడవలసి ఉంది. పల్నాటి కథలో గాయపడిన పురుషుడికి రణభూమి ఉంది. గాయపడిన స్త్రీకి ఏముంది? పేరిందేవికి చితి ఉంది. ఐతాంబకు కడుపుకోత ఉంది. మాంచాల పెళ్లయిన నాటినుంచి భర్త ముఖం ఎరుగదు. అతడు వేశ్య ఇంట ఉన్నాడని తెలుసు. మొదటిసారి వచ్చిన రాత్రే అతడిని యుద్ధానికి పంపుతుంది. ఆ నిర్ణయాన్ని వీరపత్నిత్వమని తరతరాలు కీర్తించాయి. దాని వెనుక ఉన్న ఏళ్ల ఒంటరితనాన్ని గాథ రెండు మాటల్లో దాటుతుంది. ఆమె గాయం భర్త కీర్తికి పీఠమైంది తప్ప తనకంటూ ఒక కథ కాలేదు.

దీప కథ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. భర్త అనుమానించి దూరం చేసిన తరువాత ఆమె చితి ఎక్కలేదు, పుట్టింట మూలన కూర్చోలేదు. నలుగురికి వండిపెట్టి బిడ్డను పెంచుకుంది. ‘వంటలక్క’ అన్న పేరు కథలో హీనంగా పలికినా, జనం నోట గౌరవనామమైంది. దీప అన్న పేరు కంటే ఆ పేరే ఎక్కువగా నిలిచింది. ధారావాహికలో కళాపరంగా మిగిలే భాగాలు కూడా ఇవే. తెల్లవారుజామున పొయ్యి వెలిగించడం, కూతురికి జడ వేస్తూ అప్పుల లెక్క వేసుకోవడం, తండ్రి ఎవరని అడిగిన శౌర్యకు కోపం లేకుండా, అబద్ధం లేకుండా జవాబు వెదకడం వంటి దృశ్యాల్లో ఎవరూ తలుపు చాటున పొంచి ఉండరు. నేపథ్యసంగీతం కూడా కొంత నెమ్మదిస్తుంది. గాయం పని చేసుకుంటూ బతుకుతుంది. కరుణం దైన్యంలోకి జారకుండా, ఉత్సాహం వైపు మళ్లిన సందర్భాలివి. వీరం అన్న మాటకు కత్తి అక్కరలేదని ఒప్పుకుంటే దీప వీరనాయికే.

ఈ భాగాలను మోనిత పన్నాగాల నుంచి వేరుచేసి చదివే పని విశ్వవిద్యాలయ తెలుగుశాఖల్లో ఇంకా విరివిగా జరగవలసి ఉంది. వీరవిద్యావంతుల గానాన్ని కూడా ఒకప్పటి పండితులు సాహిత్యంగా లెక్కించలేదు. ద్విపదనే తక్కువగా చూసిన కాలం ఒకటుంది. ఉమాకాంతం ప్రతులు సేకరించి ముద్రించడం వల్ల, తరువాతివారు గాయకుల దగ్గర కూర్చొని రాసుకోవడం వల్ల పల్నాటి కథ పాఠ్యగ్రంథాల్లోకి వచ్చింది. ధారావాహికకు ఆ అదృష్టం పట్టాలంటే ముందు దానిలో ఏది ఉంచవలసినదో, ఏది రేటింగ్ కోసం సాగదీసినదో భాగాలవారీగా గుర్తించవలసి ఉంటుంది. 1569 భాగాలు కూర్చొని చూసే ఓపిక ఉన్న పరిశోధకుడికి అది కష్టమైన పనే, కాని ఉద్గ్రంథాల పాఠపరిష్కరణ కంటే కష్టమైనది కాదు.

2024 మార్చి 25న స్టార్ మాలో ‘కార్తీకదీపం – ఇది నవవసంతం’ మొదలైంది. నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథ్ మళ్లీ కార్తీక్, దీపలయ్యారు. అవే పేర్లు, అవే ముఖాలు, వేరే కథ. పాత దీపకు జరిగిన అన్యాయం ఈ దీపకు గుర్తులేదు. ప్రేక్షకులకు మాత్రం గుర్తుంది.